నాలుగొందల గుర్రాలు, లీటరున్నర ఆయిల్

ఇది మహాకావ్యం. ఇందులో నది ఉంది, నాలుగొందల గుర్రాలున్నాయి, భార్యకు మాటిచ్చిన వీరుడున్నాడు, సముద్రం దాటొచ్చిన ఇనుప మృగముంది. ఒక ద్రోహి కూడా ఉన్నాడు.

సరే, కాదు. నదిని పంటు పడవ మీద దాటారు. గుర్రాలు బానెట్ కింద ఉన్నాయి, వాటి లెక్క మీదా అనుమానమే. వీరుడికి మోకాలి నొప్పి. మృగమంటే పాత గేర్‌బాక్సు. ద్రోహి ఎవరో తెలిశాక మీకు పెద్దగా కోపం కూడా రాదు.

నేను రాజమండ్రిలో పన్నెండేళ్ళు ఆటోమేటిక్ గేర్‌బాక్సులు విప్పి బిగించాను. ముప్పై నాలుగేళ్ళకి రిటైరయ్యాను. సన్మానం జరగలేదు, ఎమ్మారై జరిగింది. నడుములో డిస్కు జారిందనీ, ఇకమీదట పది కిలోలు దాటి ఏదీ ఎత్తొద్దనీ డాక్టరుగారు చెప్పారు. గేర్‌బాక్సులు ఆ సలహాకి సహకరించే వస్తువులు కావు. ఇప్పుడు బ్యాటరీల కొట్లో కూర్చుంటున్నాను. బ్యాటరీలూ బరువే కానీ, వాటిని ఎత్తేది కొన్నవాళ్ళు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు మా కొట్టుకి వచ్చి ఒకటే అడుగుతారు: "అన్నా, పవరెక్కువున్న బండికి ఏ ఆటోమేటిక్ బాక్సు వెయ్యాలి?" సమాధానం ఒక ముక్కలో చెప్తే నమ్మరు. అందుకని ఇంత రాస్తున్నాను. ఇదీ నమ్మకపోతే మరీ మంచిది. ఈ వృత్తికి కావలసిన మొదటి అర్హత అదే.

రోజూ ఎవరి వెనక?

మా గురువుగారు అప్పారావు గారు. అరవై దాటిన మనిషి. ఆయన ఎవరినీ నమ్మరు. బండి వాళ్ళు చెప్పింది నమ్మరు, సామాను అమ్మేవాళ్ళు చెప్పింది నమ్మరు, మీటరు చూపించింది నమ్మరు. తన చేతి గడియారం తప్పేమోనని నన్ను టైమడిగేవారు. నేను చెప్పాక గోడ గడియారం చూసేవారు.

అయితే ఆయన ఒకప్పుడు నమ్మారు. రావులపాలెం అరటికాయల వ్యాపారి ఒకాయన పెద్ద ఇంజనున్న బండి తెచ్చి, "ఐదొందల గుర్రాలండి, ఏ గేర్‌బాక్సూ తట్టుకోవట్లేదు" అన్నారట. గురువుగారు ఆ అంకె చూసి, పందేల బళ్ళకి వేసే మూడు గేర్ల బాక్సు వేశారు. మొండి సరుకు, ఎంత బలమైనా మోస్తుంది. దానికి ముందు, ఇంజనుకీ బాక్సుకీ మధ్య, నూనెతో నిండిన ఒక గుండ్రటి డబ్బా ఉంటుంది. దాన్ని కన్వర్టరంటాం. అందులోనూ పందేల రకమే పెట్టారు. అంటే ఇంజను బాగా అరిచేదాకా ఆ డబ్బా పట్టు బిగించదు, జారనిస్తుంది. పందెంలో గీత దగ్గర నుంచి ఒక్కసారిగా దూకడానికి అది బ్రహ్మాండం.

రావులపాలెం అరటి మార్కెట్లో పొద్దున్నపూట గీతలుండవు. ముందు లారీ, పక్కన రెండువైపులా గెలలు కట్టిన సైకిలు, వెనక ఆటో. అరగంటసేపు ఆ బండి మనిషి నడకతో పాకింది. జారినంతసేపూ ఆ జారుడంతా వేడి అవుతుంది, ఆ వేడంతా ఆయిల్లోకి పోతుంది. చివరికి ఆయిల్ కాగి, గొట్టంలోంచి పొంగి, సైలెన్సరు మీద పడి మార్కెట్టంతా పొగ కమ్మింది. గెలలు మగ్గబెట్టడానికి ఎవరో పొగ పెట్టారనుకుని మొదట్లో ఎవరూ పట్టించుకోలేదట.

ఆ రోజు నుంచి గురువుగారు గుర్రాల సంఖ్య అడగడం మానేశారు. అడిగేది ఒకటే ప్రశ్న.

"మీ బండి రోజూ ఎవరి వెనక వెళ్తుందండి?"

నా పన్నెండేళ్ళలో నేర్చుకున్న వాటిలో సగం ఈ ప్రశ్నలోనే ఉంది. బలం ఎంతో తెలిస్తే బాక్సు విరుగుతుందో లేదో తెలుస్తుంది. ఎవరి వెనక వెళ్తుందో తెలిస్తే బాక్సు బతుకుతుందో లేదో తెలుస్తుంది.

డేవిడ్‌రాజు గారి మోకాలు

నేను చేరిన రెండో ఏడు నరసాపురం నుంచి డేవిడ్‌రాజు గారు వచ్చారు. ఐసు ఫ్యాక్టరీ ఆయనది. చేపల బోట్లకి ఐసు వేస్తారు. ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం పాత జపాన్ కారు. ఆరు సిలిండర్ల ఇంజను, దానికి బలం పెంచే టర్బో, వెనక చక్రాలు తిరిగే రకం. ఆ కారుకి రాతిలాంటి క్లచ్ ఉండేది. ఐసు గచ్చు మీద జారిపడి ఆయన ఎడమ మోకాలు ఆపరేషన్ దాకా వెళ్ళింది. క్లచ్ తొక్కితే మళ్ళీ బల్లెక్కాల్సిందేనని డాక్టర్లు చెప్పారు.

ఆయన భార్య రత్నకుమారి గారు స్కూలు టీచరు. ఆవిడ ఆ కారుని మొదటి నుంచీ సవతిలాగే చూశారు. అమ్మెయ్యమన్నారు. బ్రోకరుని కూడా ఆవిడే పిలిపించారు. చివరికి మొగుడూ పెళ్ళాల మధ్య ఒక ఒప్పందం కుదిరింది. దాన్ని డేవిడ్‌రాజు గారు మా షాపులో నిలబడే చెప్పారు.

"శనివారం మా ఆవిడని వాళ్ళ చెల్లెలింటి నుంచి తీసుకురావాలండి. రాజోలు నుంచి నరసాపురం. నేనే నడపాలి, ఎవరూ తొయ్యకూడదు. ఇంటికి చేరితే బండి నాది. చేరకపోతే బ్రోకరుది. ఆటోమేటిక్ బాక్సు వేసి పెట్టండి, ఎంత బలమైందైనా పర్లేదు. ఆరొందల గుర్రాలండి మరి."

ఆయన చెప్పిన శనివారానికి ఇంకా నెల ఉంది. ఆయన మాత్రం మర్నాడే అన్నట్టు చెమటలు కక్కుతున్నారు.

గురువుగారు ఆయన కొలిపించుకొచ్చిన కాగితం అడిగి చూశారు. చెన్నైలో రోలర్ల మీద నడిపి తీసిన లెక్క. నాలుగొందల పన్నెండు.

"మిగతా నూట ఎనభై ఎనిమిదీ ఏమయ్యాయండి?"

"అవి రావాలండి. పెద్ద టర్బో ఆర్డరిచ్చాను."

"వచ్చాక లెక్కేద్దాం. రోజూ ఎవరి వెనక వెళ్తారు?"

డేవిడ్‌రాజు గారు సిగ్గుపడుతూ చెప్పారు. "గడ్డి ట్రాక్టరు వెనకండి. కాలవ గట్టు రోడ్డు కదా, దాటడానికి చోటుండదు."

మూడు పెట్టెలు

ముందర మూడు దారులున్నాయి. ఇవాళ ఎవరు అడిగినా ఇంచుమించు ఈ మూడే.

మొదటిది పందేల మూడు గేర్ల బాక్సు. రావులపాలెం పొగ గుర్తుంది కాబట్టి దాని గురించి ఎక్కువ మాట్లాడుకోలేదు. పైగా దాంట్లో పై గేరు ఉండదు. అంటే హైవే మీద వందలో పోతున్నప్పుడు కూడా ఇంజను కేకలు పెడుతూనే ఉంటుంది. పక్కన కూర్చునేది రత్నకుమారి గారు. ఆ కేకలకి జవాబుగా ఆవిడ కేకలు కూడా లెక్కలోకి తీసుకోవాలి.

రెండోది కొత్త తరం ఎనిమిది గేర్ల జర్మనీ బాక్సు. బలంలో, వేగంలో దానికి సాటి లేదు. కానీ దానికి సొంత కంప్యూటరు కావాలి. మన ఇంజనుకీ దానికీ సంధి కుదర్చడానికి బెంగళూరులో ఒకతను లాప్‌టాప్ పట్టుకుని కూర్చోవాలి. గురువుగారు అన్నారు, "నరసాపురంలో ఉప్పుగాలికి ఒక వైరు తుప్పుపట్టిందనుకో. బెంగళూరు నుంచి అతనొస్తాడా, బండిని మనం మోసుకెళ్ళాలా?" ఇప్పుడైతే ఆ లాప్‌టాప్ వాళ్ళు మన దగ్గరా తయారయ్యారు. అయినా ఈ ప్రశ్న వెయ్యకుండా ఆ బాక్సు కొనకండి.

మూడోది ఆ ఇంజనుకే కంపెనీ ఇచ్చిన మామూలు నాలుగు గేర్ల ఆటోమేటిక్. దానికి పై గేరు ఉంది. వేగం అందుకున్నాక కన్వర్టరుని జారకుండా బిగించే తాళమూ ఉంది. అంటే వేడి తక్కువ. లోపం ఏంటంటే, కంపెనీ దాన్ని అంత బలానికి చెయ్యలేదు. కానీ విప్పి, లోపల క్లచ్ పలకలు పెంచి, ఆయిల్ ఒత్తిడి పెంచి, ముందు ఆయిల్ చల్లబరిచే పెద్ద కూలరు పెడితే నాలుగొందలు మోస్తుంది. ఆరొందలు మొయ్యదు. అందుకే గురువుగారికి ఆ కాగితం కావలసి వచ్చింది.

మూడోదే వేద్దామన్నారు. కన్వర్టరు కూడా మరీ వదులుగా లేనిది. డేవిడ్‌రాజు గారి మొహం వాడిపోయింది. సింహాన్ని అడిగితే పాడిగేదెని చూపించినట్టు చూశారు.

"కంపెనీదే అయితే కిక్కేముందండి?"

"ఇంటికి చేరడంలో ఉందండి," అన్నారు గురువుగారు.

జపాన్ ముసలాయన

పాత బాక్సుల కోసం గురువుగారూ నేనూ చెన్నై వెళ్ళాం. అమ్మకందారు టార్పాలిన్ తీసి చూపించాడు. "తక్కువ తిరిగిందండి. జపాన్‌లో ఒక ముసలాయన నడిపాడు. ఆదివారం ఆదివారం మాత్రమే."

నేను వెళ్ళిన ప్రతి గొడౌనులోనూ ప్రతి బాక్సునీ ఆ ముసలాయనే నడిపాడు. వారంలో ఒక్క ఆదివారానికి అన్ని కార్లు ఎలా నడిపాడో, ఎప్పుడు నిద్రపోయాడో నాకిప్పటికీ తెలీదు.

గురువుగారి పద్ధతి ఒకటే. ముందు కింద మూత విప్పాలి, తర్వాతే మాట్లాడాలి. ఆయన వేలితో ఆయిల్ తీసి వాసన చూశారు. ఎర్రగా ఉంటే మంచిది, నల్లగా మాడు వాసనొస్తే లోపల పలకలు కాలాయన్నమాట. మూత అడుగున అయస్కాంతం ఉంటుంది. దానికి సన్నటి బూడిద అంటితే మామూలు అరుగుదల, పొలుసులు అంటితే వదిలేసి వచ్చెయ్యాలి. మొదటి మూడు బాక్సులకీ పొలుసులే. ముసలాయన ఆదివారాలు బాగానే వాడాడు. నాలుగోది బావుంది.

షాపులో దాన్ని మొత్తం విప్పి, పదిహేను రోజులు కూర్చుని, పలకలు మార్చి బిగించాం. నేను చేసిన పనుల్లో శుభ్రమైన పని అది. అందుకే తర్వాత జరిగిందానికి బాక్సుని తప్పు పట్టడానికి నాకు వీలు లేకుండా పోయింది.

టీ తాగి రండి

ఇక్కడొక అలవాటు గురించి చెప్పాలి. మా తరానికి ముందు మేస్త్రీలందరికీ ఉండేది. పని మొత్తం నేర్పిస్తారు, ఒక్క మెట్టు మాత్రం దాచుకుంటారు. అదీ నేర్పిస్తే నేర్చుకున్నవాడు ఎదురు సందులో షాపు పెడతాడని భయం. కొందరు కొలత దాస్తారు, కొందరు పనిముట్టు దాస్తారు. అప్పారావు గారు ఆయిల్ పొయ్యడం దాచారు. ఆ ఘడియ రాగానే "ఒరే శీనూ, టీ తాగి రండ్రా" అని నాతో సహా షాపులో ఉన్నవాళ్ళందరినీ బయటికి పంపేవారు. మేం టీ తాగి వచ్చేసరికి ఆయిల్ పోయడం అయిపోయేది. రెండేళ్ళలో నేను చాలా టీ తాగాను.

శుక్రవారం సాయంత్రం కూడా అలాగే జరిగింది. తర్వాత గురువుగారు బండిని ధవళేశ్వరం దాకా నడిపి తెచ్చారు. నచ్చినప్పుడు ఆయన ఏమీ అనరు. ఆ రోజు ఏమీ అనలేదు.

శనివారం పొద్దున్న డేవిడ్‌రాజు గారు వచ్చేలోపు అంతా ఒకసారి చూసుకుందామని నేను ముందే షాపు తెరిచాను. టైర్లలో గాలి చూశాను. బోల్టులు చూశాను. గేర్‌బాక్సు ఆయిల్ మట్టం చూసే పుల్ల లాగి చూశాను. గీత దాటి చాలా పైకి ఉంది ఆయిల్.

పెద్దాయనకి చూపు తగ్గిందనుకున్నాను. వయసు మీద పడి లీటరున్నర ఎక్కువ పోసేశారనుకున్నాను. చెప్తే నొచ్చుకుంటారని, ఆయన పరువు కాపాడదామని, సన్న గొట్టం పెట్టి పంపుతో ఆయిల్ లాగాను. గీత దగ్గర ఆపి, తుడిచి, మూత బిగించి, ఏమీ ఎరగనట్టు ఊదొత్తులు వెలిగించాను. అప్పటికి ఎంత సంతృప్తిగా ఉన్నానో చెప్తే మీకు జాలేస్తుంది.

నరసాపురం రేవు

మధ్యాహ్నం నాలుగు దాటాక షాపుకి ఫోనొచ్చింది. మాట్లాడింది డేవిడ్‌రాజు గారే.

రాజోలులో రత్నకుమారి గారిని ఎక్కించుకున్నారు. సఖినేటిపల్లి రేవులో కారుని పంటు ఎక్కించారు. గోదావరి దాటారు. నరసాపురం వైపు దిగి గట్టెక్కబోతే ఇంజను అరుస్తోంది తప్ప కారు కదల్లేదు. పైగా జానెడు వెనక్కి జారింది. వెనకాల మోటారు సైకిళ్ళు, చేపల బుట్టలు దించుకుంటున్న ఆడవాళ్ళు, పంటు వాళ్ళు. అందరూ కలిసి తోశారు. తోశారన్న మాట ఆయన రెండుసార్లు చెప్పారు. ఒప్పందంలో ఆ మాట ఉంది కదా.

గురువుగారూ నేనూ మోటారు సైకిలు మీద బయల్దేరాం. ఏమైనా తగ్గుంటే పొయ్యడానికని ఆయన రెండు డబ్బాల ఆయిల్ సంచీలో వేసుకున్నారు. దారి పొడుగునా జపాన్ ముసలాయన్ని తిడుతూనే ఉన్నారు. నేను వెనక కూర్చుని కన్వర్టరుని అనుమానించాను. వెళ్ళేసరికి ఇంకో రెండు అనుమానాలు సిద్ధంగా ఉన్నాయి. రేవు పైన చదునులో కారుంది. దాని పక్కన రత్నకుమారి గారు గొడుగేసుకుని నిలబడ్డారు. బ్రోకరు అప్పుడే వచ్చి కారు అద్దంలో తల దువ్వుకుంటున్నాడు.

"అప్పారావు గారూ, వీడే ఏదో చేశాడండి," అన్నారు డేవిడ్‌రాజు గారు బ్రోకరుని చూపించి. "రాత్రి కారు మీ షాపులోనే ఉందని వీడికి తెలుసు."

"నాకేం పనండీ బాబూ," అన్నాడు బ్రోకరు. "ఆగితే తీసుకుంటాను, ఆగకపోతే ఇంకో కారు చూసుకుంటాను. నాకు కార్లకి కరువా?"

"మీరే ఏదో తప్పు నొక్కుంటారు," అన్నారు రత్నకుమారి గారు మొగుణ్ణి చూసి.

గురువుగారు కారెక్కి చదునులో రెండు చుట్లు తిప్పారు. చక్కగా నడిచింది. అది మరీ ఘోరం. ఇప్పుడు డేవిడ్‌రాజు గారికి మోకాలితో పాటు బుర్ర కూడా పాడైందన్నట్టు అందరూ చూశారు.

"దార్లో ఎక్కడైనా ఇలా చేసిందాండి?"

"పొద్దున్న రాజోలు వెళ్తూ చించినాడ బ్రిడ్జి ఎక్కేటప్పుడు ఒకసారి గట్టిగా అరిచిందండి. బలం అనుకున్నాను."

గురువుగారి కళ్ళు చిన్నవయ్యాయి. "ఎత్తు ఎక్కేటప్పుడే. ఆయిల్ తక్కువైతే వెనక్కి పోయి పంపుకి అందదు. ఆయిల్ చూశారా?"

"చూశానండి. ఆగిపోగానే చూశాను. సరిగ్గా గీత దగ్గరుంది."

"ఇంజను ఆపి చూశారా, నడుస్తుండగానా?"

"ఆపేనండి. ఐసు ఫ్యాక్టరీ ఇంజన్లకి ఆపే కదా చూస్తాం."

గురువుగారు ఇంజను నడుస్తుండగానే పుల్ల లాగారు. కొసకి కూడా ఆయిల్ అంటలేదు. కారు కిందకి వంగి చూశారు, ఎక్కడా కారిన మరక లేదు.

"కారలేదు, కాలలేదు. లీటరున్నర మాయమైంది. ఎవడో తీశాడు."

అందరూ బ్రోకరు వైపు తిరిగారు. డేవిడ్‌రాజు గారు కర్ర ఎత్తారు. మోకాలు బాగోలేక చేతికర్ర వాడుతున్న మనిషి, ఆ కర్ర ఎత్తితే పడిపోతారని కూడా మర్చిపోయారు.

"నేనే తీశానండి," అన్నాను.

ఇలాంటి చోట గాలి ఆగిపోయిందని రాస్తారు. గాలి బాగానే వీచింది. గొడుగు వెనక్కి తిరగబడింది కూడా.

"ఎప్పుడు?" అన్నారు గురువుగారు.

"పొద్దున్నండి. మీరు వచ్చేలోపు. ఎక్కువైందనుకుని గీత దాకా లాగేశాను. ఇంజను ఆపే ఉంది."

ఆయన తిడతారనుకున్నాను. తిట్టలేదు. డేవిడ్‌రాజు గారితో అన్నారు. "కుర్రాడి తప్పు కాదండి. ఇంజను ఆపితే పైకి ఎక్కిన ఆయిలంతా కిందికి దిగి ఎక్కువున్నట్టు కనిపిస్తుందని వీడికి తెలీదు. ఆయిల్ పోసేటప్పుడల్లా వీణ్ణి టీకి పంపించాను."

"టీకా?" అన్నారు రత్నకుమారి గారు. "అంటే మీరు చెప్పకుండా పరీక్ష పెట్టారన్నమాట."

ఆవిడ పాతికేళ్ళు పిల్లలకి పాఠం చెప్పిన మనిషి. గురువుగారు తల దించుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇంజను నడిపిస్తూ, మా అందరి ఎదుటా, సంచీలోంచి తీసి కొంచెం కొంచెంగా ఆయిల్ పోశారు. ప్రతిసారీ పుల్ల లాగి నాకు చూపించారు. తర్వాత డేవిడ్‌రాజు గారు కారెక్కారు. రత్నకుమారి గారు గొడుగు మడిచి పక్కన కూర్చున్నారు. కారు రేవులోకి దిగి, నీళ్ళ అంచున ఆగి, మళ్ళీ పైకి ఎక్కింది. పరిగెత్తలేదు, ఎగరలేదు. ఎక్కింది, అంతే.

ఆవిడ దిగి బ్రోకరుతో అన్నారు. "తోసింది కారు తప్పు వల్ల కాదు బాబూ. మీరు వెళ్ళండి." తర్వాత మొగుడితో, "ఆ అరుపు మాత్రం తగ్గించండి," అన్నారు.

మిగిలింది

సోమవారం నుంచి గురువుగారు టీకి పంపడం మానేశారు. ఆయిల్ నా చేతే పోయించి, పక్కన నిలబడి చూసేవారు. నమ్మకం కాదు, అనుమానం దగ్గరికొచ్చింది, అంతే. కొన్నాళ్ళకి అది కూడా మానేశారు. నేను ఎదురు సందులో షాపు పెట్టలేదు, నడుము పోగొట్టుకున్నాను. ఆయన భయపడినంత ప్రమాదం నాలో ఏనాడూ లేదు.

మీరు ఎవరినీ నమ్మకండి. గుర్రాలు చెప్పేవాణ్ణి, ముసలాయన కథ చెప్పేవాణ్ణి, అంకె చూసి బాక్సు వేసేవాణ్ణి. అయితే నమ్మకూడని వాళ్ళ జాబితా రాసేటప్పుడు పొద్దున్నే షాపు తెరిచి మంచి చేద్దామనుకునే మనిషిని కూడా రాసుకోండి. అతని పేరు మీ పేరే అయ్యుంటుంది.

డేవిడ్‌రాజు గారి బాక్సు ఇప్పటికీ అదే. పెద్ద టర్బో ఇంకా రాలేదు. నాలుగొందల పన్నెండు గుర్రాలూ ఐసు ఫ్యాక్టరీకీ చర్చికీ మధ్య, గడ్డి ట్రాక్టరు వెనక, ఓపిగ్గా నడుస్తున్నాయి.

ఆటోమేటిక్ గేర్‌బాక్సుకి ఆయిల్ పుల్ల ఉంటే, బండిని చదునులో ఆపి, బాగా వేడెక్కాక, పార్కులో పెట్టి, ఇంజను నడుస్తుండగా చూడాలి. చాలా బళ్ళకి ఈ సంగతి ఆ పుల్ల మీదే చెక్కి ఉంటుంది. గుడ్డతో తుడిస్తే కనిపిస్తుంది.